పేరు పెట్టే ముందు ఇంటిపేరుతో కలిపి చదవండి

సంపాదకులు గారికి,

నమస్కారం. బిడ్డ పుట్టగానే తల్లిదండ్రులు ఫోన్‌లో పేర్ల జాబితాలు వెతుకుతున్నారు. 'అ' నుంచి 'హ' దాకా అర్థాలతో సహా వందల పేర్లు దొరుకుతాయి. ఇంటిపేరు పక్కన ఆ పేరు ఎట్లా వినిపిస్తుందో మాత్రం ఏ జాబితా చెప్పదు. మన నల్లగొండ, పాలమూరు ప్రాంతంలో ఎన్నో ఇంటిపేర్లు రోజూ వాడే మాటలే: నక్క, పులి, మంద, మేకల, పిట్టల, చెరుకు, నల్ల, గుండు, తోట, గాలి. వీటిలో సిగ్గుపడాల్సింది ఒక్కటీ లేదు. జాగ్రత్త పడాల్సింది వాటి పక్కన పెట్టే పేరు విషయంలో.

తాతల కాలంలో ఈ చిక్కు లేదు. యాదగిరిగుట్ట స్వామి పేరిట యాదగిరి, యాదమ్మ; పెద్దగట్టు లింగమంతుల స్వామి పేరిట లింగయ్య; జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే సైదులు; కురుమూర్తి కొండకు మొక్కుకుంటే కురుమూర్తి. అవి దేవుళ్ల పేర్లు, మహాత్ముల పేర్లు కాబట్టి ముందున్న మాటకు అతుక్కోవు. నక్క యాదయ్య అంటే మనిషే గుర్తొస్తాడు. ఇప్పటి వినయ్, దీపిక, రసజ్ఞ, మేధ లాంటివి నిఘంటువులో ఉండే మాటలు. రెండు మాటలు పక్కపక్కన వినపడితే తెలుగు చెవి వాటిని సమాసం చేసుకుంటుంది. నక్క వారింట వినయ్ పుడితే 'నక్క వినయం' అవుతుంది. గాలి వారి దీపిక 'గాలిలో దీపం', చెరుకు వారి రసజ్ఞ చెరుకు రసం, పులి వారి హారిక పులిహోర, తోట వారి మాలిని తోటమాలి. బడిలో రోజూ హాజరు పిలిచేటప్పుడు పదేళ్లపాటు ఆ నవ్వులు పడాల్సింది ఆ బిడ్డే. దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయలేం.

ఒకదానికొకటి ఎదురు తిరిగే అర్థాలూ చూసుకోవాలి. నల్ల శ్వేత, పాత నవ్య, పులి హరిణి. కేశవుడంటే చక్కని జుట్టు గలవాడని ఒక అర్థం. గుండు వారింట ఆ పేరు నప్పదు.

'ల'తో ముగిసే ఇంటిపేర్ల సంగతి వేరు. మేకల, పిట్టల, ముత్యాల, పూల: ఇవన్నీ 'వాటికి చెందిన' అనే అర్థమిచ్చే రూపాలు. వెనక రాజు, పతి, నాయక్, దొర లాంటి పేరు వస్తే మేకలకు రాజు, పిట్టల దొర అయి కూర్చుంటాడు. అదే రూపం ముత్యాల హారికకు, పూల మాలికకు ఎంతో అందమిస్తుంది. ఇంకో ఇబ్బంది, 'ల'తోనే మొదలయ్యే పేర్లు. 'మేకల లావణ్య' అని గబగబా పిలిస్తే ఒక 'ల' మాయమై 'మేకలావణ్య' మిగులుతుంది.

మంద అనే ఇంటిపేరునే తీసుకోండి. మంద మేధ అంటే మొద్దు బుద్ధి అని వినపడుతుంది. మంద హాసిని అంటే చిరునవ్వు గల పిల్ల. అదే ఇంటిపేరు ఒక బిడ్డకు వెక్కిరింత, ఇంకో బిడ్డకు వరం. ఇంటిపేరు అర్థాన్ని కప్పిపుచ్చడం కన్నా దానితో చేతులు కలిపే పేరు వెతకడం మేలని నా గట్టి అభిప్రాయం.

అచ్చుతో మొదలయ్యే పేర్లు ఇప్పుడు ఎక్కువ. ఇంటిపేరు ఉకారంతో ముగిస్తే సంధి కలిసిపోతుంది: చెరుకు అఖిల 'చెరుకఖిల', బొడ్డు ఆదిత్య 'బొడ్డాదిత్య'. ఇంటిపేరు ఎక్కడ ఆగిందో వినేవారికి అందదు, రాసుకునేవారు కలిపి రాస్తారు. హల్లుతో మొదలయ్యే పేరైతే ఈ బాధ తప్పుతుంది.

నక్షత్రం అక్షరం పట్టింపు ఉన్నవారికీ దారి ఉంది. రోహిణి మూడో పాదానికి 'వీ' వస్తుంది. నక్క వారు వినయ్ వదిలి విహారి, విశాల్ చూసుకోవచ్చు. ఏదీ కుదరకపోతే నక్షత్ర నామాన్ని జన్మనామంగా పూజలకు ఉంచి, పిలిచే పేరు వేరుగా పెట్టుకునే ఆచారం మనకు ఎప్పటినుంచో ఉన్నదే.

తొట్టెలలో వేసే ముందు ఆ పేరును నాలుగు రకాలుగా పలికి చూడండి: ఇంటిపేరు ముందు పెట్టి వేగంగా, ఇంటిపేరు వెనక పెట్టి, ఒక్క పొడి అక్షరంతో, రెండు పొడి అక్షరాలతో. కొండ దినేష్ వినడానికి బాగుంది, పొడి అక్షరాల్లో మాత్రం 'కేడీ' అవుతాడు. బడి పిల్లలున్న ఇంట్లో వాళ్లకు వినిపిస్తే ఏ పేరు ఎక్కడ వంకర తిరుగుతుందో ఇట్టే పట్టేస్తారు.

తొందర కూడా అక్కర్లేదు. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించాలి గానీ, అప్పటికి పేరు ఖరారు కాకపోతే ఆ గడి ఖాళీగా వదలొచ్చు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు ఊళ్లోనైతే పంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్టణంలోనైతే మున్సిపాలిటీలో రుసుము లేకుండా పేరు రాయించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా రుసుము కట్టి రాయించవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరాలన్నా, పాస్‌పోర్టు తీయాలన్నా పుట్టిన తేదీకి జనన పత్రమే ఆధారం. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి సాధారణంగా జీవితంలో రెండుసార్లే వీలుంటుంది.

ఇంటిపేరు అర్థం మరుగుపడాలని కొందరు బిడ్డ కాగితాల్లో నక్కను 'నక్కా' అని, నల్లను 'నల్లా' అని సాగదీసి ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువ రాయిస్తున్నారు. తండ్రి పదో తరగతి మెమోలో ఒకటి, బిడ్డ జనన పత్రంలో ఇంకొకటి ఉంటే పాస్‌పోర్టు దగ్గర, కుల ధ్రువీకరణ దగ్గర తిరగాల్సి వస్తుంది. తండ్రి మెమోలో ఉన్న అక్షరాలే దించండి. ఇంగ్లీషులో ద, డ లకు ఒకే అక్షరం కాబట్టి మందను మండ అని చదివేవారూ ఉంటారు. ఇంగ్లీషు రాతను కూడా బయటకు చదివించి చూసుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు, సొంత పేరుకు వేర్వేరు గడులుంటాయి గనుక మొదటి నుంచి రెండింటినీ విడదీసే రాయించాలి.

మీ పత్రికలో పిల్లల పేర్లు అచ్చు వేసేటప్పుడు అర్థంతో పాటు, ఏ రకం ఇంటిపేరు పక్కన అది ఇమడదో ఒక్క ముక్క రాయించండి.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
మిర్యాలగూడ