ఉదయగిరి అక్కకీ, మా నర్సు సిస్టర్‌కీ, సఖి మేడంకీ కృతజ్ఞతలు

నెల్లూరులో మా మెడికల్ కాలేజీ పిల్లలకు గృహహింస మీద పెట్టిన మూడు రోజుల శిక్షణ మొన్న శనివారంతో అయిపోయింది. సాయం చేసిన వాళ్లకు విడివిడిగా ఫోన్లు చేశాను గానీ మనసు ఒప్పుకోలేదు. అందరి ముందూ చెప్పాలి.

ముందు ఉదయగిరి వైపు నుంచి వచ్చిన అక్కకి. పేరు రాయనని మాటిచ్చాను. తెల్లారకముందే బస్సెక్కి వచ్చి, అరవై మంది పిల్లల ముందు నిలబడి ఎడమ ముంజేయి చూపించావు. "మూడుసార్లు ఆస్పత్రికి పొయినా. ఒకసారి బావికాడ జారిపడ్డానన్నా, ఇంకోసారి గేదె కుమ్మిందన్నా. అట్టనే రాసుకున్నారు. మా అత్త పక్కనే ఉండె, ఇంకేం జెప్పేది? డాక్టరమ్మ నిలబడే మందులు రాసింది. ఒక్క నిమిషం కూర్చోని, ఏందమ్మా ఇట్ట అయిందని అడిగుంటే జెప్పేదాన్నే."

అక్కా, ఆ మాట నన్నే అన్నట్టు తగిలింది. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒకామె మణికట్టు మీద గాజులు పగిలి గుచ్చుకున్న గాట్లు చూసి కూడా, కుట్లు వేసి నొప్పి బిళ్లలిచ్చి పంపేశాను. తలకు అడ్డం పెట్టిన చేతికి ముంజేతి బయటివైపే దెబ్బ తగులుతుందని, మానిన మచ్చల పక్కన పచ్చి గాయాలుంటే అనుమానించాలని ఫోరెన్సిక్‌లో చదివినదాన్నే. గాయం పొడవు, వెడల్పు కొలిచి రాశాను. ఆమెను మాత్రం అడగలేదు. ఎలా అడగాలో మాకెవరూ నేర్పలేదు.

అది నేర్పింది మా క్యాజువాలిటీ హెడ్ నర్సు గారు. నైట్ డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్లకుండా క్లాసుకు వచ్చారు. ఉత్తుత్తి కేసు చేయిస్తే, ఒక అబ్బాయి అత్త పాత్ర వేసిన అమ్మాయి ఎదుటే "మీ ఆయన కొడతాడా?" అనేశాడు. సిస్టర్ కోప్పడలేదు. "బీపీ చూడాలి, మీరు కాస్త బయట కూర్చోండమ్మా" అని అత్తను పంపి, తెర లాగి, గొంతు తగ్గించి, "ఇలాంటి దెబ్బలు ఇంట్లో వాళ్ల వల్ల కూడా తగులుతుంటాయి, అందుకే అందరినీ అడుగుతా. నీకేమైందమ్మా?" అని చేసి చూపించారు. వినడం, అడగడం, నమ్ముతున్నామని చెప్పడం, ప్రాణానికి భద్రత చూడడం, అండగా నిలవడం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో రాసిన అయిదు మెట్లూ ఆ రెండు నిమిషాల్లో కళ్లకు కట్టాయి. పురుగుమందు తాగి వచ్చిన ప్రతి ఆడమనిషి కేస్ షీట్‌లోనూ "కడుపునొప్పి తాళలేక" అని రాసేసి వదలొద్దని ఆవిడ బతిమాలినట్టు చెప్పారు.

హింసకు గురైన ఆడవాళ్లకు ఒకేచోట సాయం అందించే సఖి కేంద్రం కౌన్సెలర్ మేడం, మీరు చట్టం చెప్పిన తీరు పిల్లలు మరిచిపోరు. 2005 గృహహింస చట్టం కింద, ముందు ఫిర్యాదు ఉంటేనే వైద్యం చేస్తామనకూడదని, జరిగిన హింస గురించి రాసే రిపోర్టు అప్పటికే లేకపోతే ఆస్పత్రి వాళ్లే నింపి, ఆ చట్టం కింద నియమించిన రక్షణ అధికారికి పంపాలని, వైద్య నివేదిక నకలు ఆమెకు డబ్బులు తీసుకోకుండా ఇవ్వాలని ఫారం చేతికిచ్చి మరీ నింపించారు. "సర్దుకుపోమ్మా" అనే మాట డాక్టరు నోటి నుంచి రాకూడదని మీరన్నప్పుడు, వెనక బెంచీలో ఒక అమ్మాయి తల దించుకుని ఏడ్చింది. తర్వాత గంటసేపు ఆమె పక్కనే కూర్చున్నారు. దానికి ప్రత్యేకంగా దండం మేడం. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఇప్పుడు పిల్లలందరి ఫోన్లలోనూ ఉంది.

అక్కా, వెళ్లేటప్పుడు పిల్లలు చందా వేసి ఇచ్చిన డబ్బు నువ్వు తీసుకోలేదు. "నాకొద్దు, దాంతో డాక్టర్లు కూర్చునేదానికి ఏమన్నా కొనండి" అన్నావు. సోమవారం ట్రంకు రోడ్డులో రెండు స్టూళ్లు కొన్నాం. క్యాజువాలిటీలో తెర వెనక, మంచం పక్కనే వేశాం. ఈసారి నెల్లూరు వస్తే చూసిపో.