వార్షిక కార్యకలాపాల నివేదిక – సర్వసభ్య సమావేశానికి సమర్పణ

గౌరవ సభ్యులకు నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలియనివి కావు కాబట్టి నేరుగా ఏడాది పనిలోకి వస్తున్నాను.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది సెలవు రోజు సాయంత్రం పెట్టిన టీకా శిబిరం. టీకా ఉచితమే. కానీ ఆరోగ్య కేంద్రం తెరిచి ఉండే వేళకు అమ్మానాన్నలిద్దరూ పనిలో ఉంటారు. బిడ్డను తీసుకెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. ‘ఊరికే వేస్తుంటే రావడానికేం?’ అనేవాళ్లకు ఈ లెక్క తట్టదు. వేళ మార్చి చూశాం, హాలు చాలక వరండాలో కూడా కుర్చీలు వేయాల్సి వచ్చింది.

వచ్చిన తల్లుల్లో చాలామందికి ఒకటే టెన్షన్: మధ్యలో డోసు తప్పింది, తిడతారేమో, మళ్లీ మొదటి నుంచి వేయించాలేమో అని. అలా అక్కర్లేదు, సాధారణంగా ఆగిన చోటు నుంచి మిగతా డోసులు వేస్తే చాలని నర్సమ్మ ఓపిగ్గా చెప్పారు. వయసు దాటితే వేయనివి నీళ్ల విరేచనాల నుంచి కాపాడే రోటావైరస్ టీకా లాంటివి ఏవో కొన్నే. ఒకావిడ తెచ్చిన కార్డు తడిసి తేదీలన్నీ అలుక్కుపోయాయి. పాత రిజిస్టరు తిరగేసి, ఆమెకు కొత్త కార్డు రాసిచ్చేదాకా నర్సమ్మ కుర్చీలోంచి లేవలేదు. తట్టు మళ్లీ తలెత్తకుండా ఉండాలంటే నూటికి 95 మంది పిల్లలకు రెండు డోసులూ పడాలి. మొదటిదానికి వచ్చి రెండోదానికి కనిపించని పిల్లల మీదే మన దృష్టంతా పెట్టాం.

అదే రోజు 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల జబ్బ కొలతలు తీశాం. టేపు 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు చూపిస్తే తీవ్ర పోషకాహార లోపం. అలాంటి పిల్లలను వెంటనే డాక్టరుగారి దగ్గరికి పంపాం. ఒక బుడ్డోడైతే టేపు కొలవనివ్వకుండా నోట్లో పెట్టుకున్నాడు, చివరికి ఆకుపచ్చ రంగులోనే, అంటే లోపం లేదనే తేలాడు లెండి.

ఇక చెప్పక తప్పని మాట. గ్రూపులో ‘నేను రెడీ’ అన్నవాళ్లలో సగం మంది కూడా రాలేదు. టీకాల పెట్టె 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో చూస్తూ కూర్చోవాల్సిన ఇద్దరూ రాకపోతే, రిజిస్టరు రాస్తున్న అమ్మాయే ఆ పనీ చూసుకుంది. అనుమతి కాగితం ఒక కార్యాలయంలో బల్ల మీంచి బల్ల మీదకు తిరుగుతూనే ఉండిపోయింది. సంతకానికి దొరకని అధికారిగారు ఫొటోల వేళకు మాత్రం ఠంచనుగా వచ్చారు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పత్రం జతచేశాం. సందేహాలుంటే కోశాధికారిగారిని అడగండి.

హాలు ఉచితంగా ఇచ్చినవారికి, డాక్టరుగారికి, నర్సులకు, వాహనం సమకూర్చిన దాతలకు, కరపత్రాలు అచ్చువేసి డబ్బు తీసుకోనివారికి, కుర్చీలు మోసిన కుర్రాళ్లకు, మరుసటి రోజు హాలు ఊడ్చిన మహిళా సభ్యులకు పేరుపేరునా ధన్యవాదాలు.

పిల్లల చూపు, పళ్ల పరీక్షలు ఈసారి కుదరలేదు. వచ్చే ఏడాది మూడు నెలలకోసారి సాయంత్రం శిబిరం పెట్టాలని, వాటిలో ఈ పరీక్షలూ చేర్చాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీనికి సభ ఆమోదం కావాలి. నిజంగా రాగలిగినవాళ్లు మాత్రమే పేర్లు ఇవ్వండి.

– కార్యదర్శి