ఆ రాత్రి నా మాట నమ్మినవాళ్ళకు

అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. జీడిపళ్ళ కాలంలో మా బాబు చెట్టు మీంచి పడ్డాడు, తలకు దెబ్బ తగిలింది. తొమ్మిదేళ్ళవాడు, హీమోఫిలియా ఉంది. ఇప్పుడు బాగున్నాడు, ఆడుకుంటున్నాడు. అందుకు కారణమైనవాళ్ళకు దండం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను.

పైకి చిన్న బొప్పే. వేరే పిల్లలకైతే పసుపు రాసి ఊరుకునేదాన్ని. వీడికి రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ 8 దాదాపు లేదు. తల లోపల రక్తం కారుతున్నా గంటల తరవాత గానీ తెలియదు. నా తమ్ముడు పన్నెండేళ్ళకు అలాగే పోయాడు. అప్పట్లో ఈ జబ్బు పేరు కూడా మాకు తెలీదు.

వాళ్ళ నాన్న చెన్నైలో పనికి వెళ్ళారు. రాత్రి బాబు వాంతి చేసుకోగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. 108 అంబులెన్సులో వచ్చిన కుర్రాడు, నాకు తమ్ముడిలాంటివాడు, దారిలోనే శ్రీకాకుళం పెద్దాసుపత్రికి ఫోన్ చేసి, హీమోఫిలియా బాబు, తలకు దెబ్బ, ఫ్యాక్టర్ చూసి ఉంచండి అని చెప్పాడు. అయినా దారంతా టెన్షనే. ఇదివరకు ఒకచోట జ్వరానికి తీసుకెళ్తే, వద్దని మొత్తుకున్నా వినకుండా తొడకు సూది వేశారు. తొడ రాయిలా వాచిపోయి, నెల రోజులు కాలు కింద పెట్టలేదు వాడు.

ఈసారి డ్యూటీ డాక్టరమ్మ బాబు జబ్బు వివరాలున్న కార్డు చూసి ఒక్కటే అడిగారు, "బరువెంతమ్మా?" అని. 24 కేజీలన్నాను. కేజీకి 50 యూనిట్ల లెక్కన 1,200 అని, 500 యూనిట్ల ఫ్యాక్టర్ సీసాలు రెండు, 250ది ఒకటి తెప్పించారు. "ముందు ఫ్యాక్టర్ ఎక్కనీ, స్కాన్ తరవాత" అన్నారు. ఆ మాట వినగానే అక్కడే కూలబడి ఏడ్చేశాను.

సిస్టర్ గారు సీసాను ఊపకుండా, రెండు అరచేతుల మధ్య మెల్లగా తిప్పుతూ పొడి కరిగించారు. మొదటిసారి నరం దొరకలేదు. ఇంకో సిస్టర్ రెండో చేతికి పెడుతుంటే, ఈవిడ గుచ్చిన చోట బొటనవేలు నొక్కిపెట్టి పది నిమిషాలు కదల్లేదు. ఎవరు పిలిచినా "వస్తన్నానుండండి" అంటూనే, "ఏటి బాబూ, పళ్ళు కోసావా, లేదా?" అని వాడితో కబుర్లు. వాడు నవ్వాడు.

స్కాన్‌లో ఏమీ లేదు. అయినా మూడు రోజులు ఉంచి, 12 గంటలకోసారి ఫ్యాక్టర్ ఇస్తూనే ఉన్నారు.

రెండో రోజు విజయనగరం నుంచి ఒక అన్నయ్య వచ్చారు. ఆయనకూ ఇదే జబ్బు, కీళ్ళలో రక్తం చేరీ చేరీ మోకాలు వంగదు. తన కోసం దాచుకున్న రెండు సీసాలు ఐసు డబ్బాలో పెట్టుకుని, ఆ కాలితోనే బస్సెక్కి వచ్చారు, ఇక్కడ అయిపోతే పనికొస్తాయని. బస్సు చార్జీ ఇవ్వబోతే తీసుకోలేదు.

ఇలాంటి పిల్లలున్న అమ్మలకు ఒక్క మాట. జబ్బు ఏ రకమో, ఏ ఫ్యాక్టరో రాసిన కార్డు పిల్లాడి దగ్గరే ఉంచండి. ఇప్పుడు మావాడి బడిసంచికి కుట్టేశాను.

డాక్టరమ్మా, సిస్టర్లూ, 108 తమ్ముడూ, విజయనగరం అన్నయ్యా, వచ్చే పంటకు మా ఇంట్లో కొట్టిన జీడిపప్పు మీకు పంపిస్తాను. కాదనకండి.