జెండా ముడి సంగతి

గాజువాక,
ఆగస్టు 3

అమ్మలూ,

ఇది ఫోన్లో చెప్పే మాటే. కానీ నేను ఫోన్ పట్టుకుంటే చాలు, మీ నాన్న పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నట్టు కూర్చుంటారు. అందుకే ఉత్తరం. స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

14 సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి 15 పొద్దున్న దిగుతామన్నావు కదా, ఒక్కరోజు ముందు రండి. 13న ఎక్కితే 14 పొద్దున్నే దువ్వాడలో దిగిపోవచ్చు. వైజాగ్ స్టేషన్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావడం దేనికి? అల్లుడుగారికి సెలవు దొరక్కపోతే ఆయన్ని తర్వాత రమ్మను, నువ్వూ బుజ్జిగాడూ ముందు వచ్చేయండి.

పోయినేడు జెండా సంగతి నీకు సగమే చెప్పాను. మన కాలనీలో 30 ఏళ్లుగా ఆ ముడి వేసేది నాన్నే. ఒక్కసారి కూడా లాగ్గానే విచ్చుకోకుండా లేదు. పోయినేడు మాత్రం ముందురోజు రాత్రే కట్టేసి పడుకున్నారు. తెల్లవార్లూ వాన. ఆ నూలు తాడు తడిసి బిగుసుకుపోయింది. పొద్దున్న ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన లాగుతున్నారు, లాగుతున్నారు, జెండా విచ్చుకోదు. పిల్లలంతా సెల్యూట్ చేసి చేతులు దించకుండా నిలబడ్డారు. చివరికి వాచ్‌మన్ నిచ్చెన వేసుకుని ఎక్కి విప్పాడు. బంతిపూల రేకులన్నీ వాడి నెత్తి మీదే పడ్డాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తప్పే.

నాన్న నవ్వలేదు. షిప్‌యార్డులో జీవితమంతా రిగ్గర్‌గా, అంటే తాళ్లు కట్టి బరువులెత్తే పని చేసిన మనిషి. తాడూ ముడీ ఆయనకి అన్నం లాంటివి. 1948లో నెహ్రూగారు వచ్చి జల ఉష ఓడని నీళ్లలోకి దింపిన రోజు మీ తాత ఆ యార్డులోనే పని చేస్తున్నారు. ఆ కథ నీకు నూరుసార్లు చెప్పి ఉంటారు. అలాంటింటి మనిషికి "తడిస్తే నూలు బిగుస్తుందని తెలీదా మాస్టారూ" అని ఎవరో కుర్రాడు సరదాకి అన్నమాట గుచ్చుకుంది. ఈ ఏడు అసోసియేషన్ వాళ్లు వస్తే, "నా చేతులు వణుకుతున్నాయి, ఇంకెవరినైనా చూసుకోండి" అన్నారు. వణుకూ లేదు, పాడూ లేదు. పొద్దున్న సూదిలో దారం ఎక్కించి ఇచ్చారు నాకు.

దానికి తోడు కొత్త వాదన ఒకటి పట్టుకున్నారు. ఆగస్టు 15న జెండాని కింద నుంచి పైకి లాగి ఎగరెయ్యాలట, పైన కట్టి విప్పేది జనవరి 26నేనట, కాబట్టి అసలు ముడి అవసరమే లేదట. నిజమే, ఢిల్లీలో అలాగే చేస్తారు. మరి ఈ 30 ఏళ్లూ ఈ మాట ఎందుకు గుర్తు రాలేదో! పూలు రాలకపోతే మన కాలనీ పిల్లలు ఊరుకుంటారా?

నేను చెబితే వినరు. నువ్వూ చెప్పకు. 14 సాయంత్రం బుజ్జిగాడిని పంపించు, "తాతా, ముడి ఎలా వేస్తారు" అని వాడు అడిగితే చాలు. వాడికి జారుముడి చూపించకుండా ఉండలేరు. చూపిస్తూ చూపిస్తూ జెండా దాకా వెళ్తారు. ఈసారి రాత్రి కట్టనివ్వను, పొద్దున్న కాఫీ అయ్యాకే.

ఇక మిగతా రోజు. జెండా 8 గంటలకి. తర్వాత పిల్లలకి నిమ్మకాయ చెంచా పందెం, ఫ్యాన్సీ డ్రెస్. బుజ్జిగాడిని అల్లూరి సీతారామరాజుగా వేయిస్తానన్నావు. వెయ్యి, ఆయన పుట్టిన పాండ్రంగి మన పక్కదే. గడ్డం మాత్రం జిగురుతో అంటించకు, ఈ ఉక్కకి ఊడి నోట్లోకి వస్తుంది. కాటుకతో గీసేద్దాం. విల్లు మాత్రం తేకు. తాత వెదురుబద్ద చెక్కుతున్నారు, అది ఒప్పుకున్నారు.

మధ్యాహ్నం పులిహోర, బూందీ ఇక్కడే. సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్లి కురుసురా జలాంతర్గామి, ఎదురుగా ఉన్న యుద్ధవిమానం, విక్టరీ ఎట్ సీ స్మారకం అన్నీ ఒక్క దెబ్బకి చూసేద్దామన్నావు. వద్దు. ఆ రోజు ఊరంతా అక్కడే ఉంటుంది, బండి పెట్టుకోడానికి జాగా దొరకదు. జలాంతర్గామి లోపల వరసలో నిలబడితే వెనక్కి రావడానికి ఉండదు, దారి అంత ఇరుకు. నిద్రమొహం పిల్లాడిని ఎత్తుకుని ఆ గుండ్రటి తలుపుల్లో దూరగలవా? 15 సాయంత్రం ఊరికే ఇసకలో కూర్చుని మురీ మిక్చరూ, కాల్చిన మొక్కజొన్న పొత్తులూ తిందాం. నీళ్లలోకి మాత్రం దిగనివ్వకు, ఈ నెలల్లో ఆర్కే బీచ్ అలలు మనిషిని లాగేస్తాయి. కురుసురా 16న చూద్దాం. అక్కడ తాతని మాట్లాడనిస్తే మనకి గైడ్ అక్కర్లేదు. అది 1971 యుద్ధంలో పనిచేసిన దగ్గర్నుంచి మొదలుపెడతారు.

రోడ్డు మీద అమ్మే ప్లాస్టిక్ జెండాలు కొనొద్దు. మర్నాడు అవి కాలవల్లో కనిపిస్తే నాన్న రోజంతా మాట్లాడరు.

ఒకటి చెప్పడం మరిచాను. నిన్న మధ్యాహ్నం నేను పడుకున్నాననుకుని, పెరట్లో బట్టల తీగకి తుండుగుడ్డ మడత పెట్టి కట్టి, తాడు లాగి చూస్తున్నారు. రెండోసారికి విచ్చుకుంది. నన్ను చూసి, "తుండు ఆరేస్తున్నాను" అన్నారు. అది పొడిగానే ఉంది.

టికెట్లు అయ్యాక ఫోన్ చెయ్. టికెట్ల సంగతే మాట్లాడు.

అమ్మ