సిమిలారిటీ శాతాన్ని ఎలా చదవాలి

పరిశోధక మిత్రులందరికీ నమస్కారం.

థీసిస్ సమర్పించబోతూ సిమిలారిటీ (ఇతర రచనలతో పోలిక) రిపోర్టులో 18 శాతం చూసి కంగారుపడుతున్న వారి కోసం ఇది రాస్తున్నాను. ఆ రిపోర్టు ఇచ్చే సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్న వెబ్ పేజీలు, పత్రికలు, పాత థీసిస్‌లతో మీ వాక్యాలు ఎంత మేరకు కలిశాయో లెక్కగడుతుంది. అది కాపీయా, కాదా అన్నది మనుషులే తేల్చాలి. 2018 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు, 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అయితే గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు, మూలం చూపిన ఉల్లేఖనలు ఈ లెక్కలోకి రావు కనుక, వాటిని మినహాయించే ఫిల్టర్లు పెట్టారో లేదో ముందుగా లైబ్రరీలో అడగండి.

ఆ తర్వాత రిపోర్టులో రంగు వేసి చూపిన, కలిసిన వాక్యాలను ఒక్కొక్కటిగా చదవండి. పద్ధతుల అధ్యాయంలో చెదురుమదురుగా కలిసిన మాటల కన్నా, చర్చలో ఒకే వ్యాసం నుంచి యథాతథంగా దిగిన పేరా, అది రెండు శాతమే అయినా, నా దృష్టిలో చాలా పెద్ద తప్పు. పర్యాయపదాలు మార్చి శాతం తగ్గించుకోవడం దిద్దుబాటు అనిపించుకోదు. మూలాన్ని పక్కనపెట్టి, అర్థమైనంత సొంతంగా రాసి, ఆ మూలాన్ని తప్పక పేర్కొనండి. డ్రాఫ్టును రిపాజిటరీలో (సాఫ్ట్‌వేర్ పోల్చి చూసే పత్రాల నిల్వలో) భద్రపరచవద్దని కూడా లైబ్రరీలో ముందే చెప్పండి, లేకపోతే తర్వాతి తనిఖీలో మీ రాత మీ పాత రాతతోనే కలిసి శాతం అమాంతం పెరిగిపోతుంది.