కోరంగి అడుగున చూడటానికేం ఉండదు, రేవుల్లో డైవర్లు కావాలి

సంపాదకులకు,

రుషికొండలో స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగుకు దిగడం) నడుస్తోంది కదా, కాకినాడ దగ్గరి పాత ఓడరేవు కోరంగిలోనూ పెడితే 1839 తుపానులో మునిగిన ఓడలు చూడటానికి జనం ఎగబడతారన్న మాట డెల్టాలో అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. మునిగిన ఓడలు చూడటానికి డైవర్లు వెళ్లే అమెరికాలోని థండర్ బే పేరు చెబుతారు. ఆ పోలిక చెల్లదు.

హ్యూరన్ సరస్సులోని థండర్ బేని 2000లో రక్షిత ప్రాంతం చేశారు, 2014లో దాదాపు 11,000 చదరపు కిలోమీటర్లకు పెంచారు. అది మంచినీటి సరస్సు, లోతున ఎండాకాలంలోనూ గడ్డకట్టించే చలి. కలపను తొలిచే నావపురుగుకు ఉప్పునీరు కావాలి, అక్కడ బతకదు. అందుకే 1894లో మునిగిన ఐరన్‌టన్ అనే తెరచాప ఓడ మూడు తెరచాప కొయ్యలతో నిటారుగా నిలబడి కనిపించింది. దాని చిన్న పడవ ఇప్పటికీ తాడుతో ఓడకే కట్టి ఉంది. ఆ తాడు విప్పే వ్యవధి లేకే ఏడుగురిలో అయిదుగురు పోయారు. అక్కడ డైవింగ్ పడవలు లంగరు వేయవు, పలకలు ఊడతాయి కాబట్టి. నీటిపై తేలే బోయాలకు కట్టుకుంటాయి. చలికాలం మంచు పట్టకముందే ఆ బోయాలనూ తీసేస్తారు.

కోరంగిలో ఇవేవీ కుదరవు. ఉప్పు కలిసిన వెచ్చటి నీరు, పురుగు, ఆపైన ఏటా వరద తెచ్చి పోసే ఒండ్రు. చేయి చాపితే వేళ్లు కనపడవు. టార్చి వేస్తే మట్టిరేణువుల మీద పడి వెలుగు మన కళ్లలోకే తిరిగొస్తుంది. పైగా 1978 నుంచి అది అభయారణ్యం.

డైవర్ల అవసరం మాత్రం ఉంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటు అక్టోబరు 22న గానీ ఒడ్డుకు రాలేదు. అంతదాకా ఎందుకు, కోటిపల్లి, సఖినేటిపల్లి రేవుల్లో రోజూ పంట్ల మీద జనం దాటుతూనే ఉన్నారు. ఏదైనా జరిగితే మనం పిలిచేది గజ ఈతగాళ్లనే. వాళ్ల తెగువకు వంక పెట్టలేం, కానీ ఊపిరి బిగబట్టి ఎంతసేపు వెతుకుతారు?

సముద్రంలో నేర్చుకున్నవాడు అవే సీసపు బరువులతో గోదావరిలో దిగితే నేరుగా బురదలో కూరుకుపోతాడు. మంచినీరు రెండున్నర శాతం తేలిక. సామానుతో కలిపి 100 కిలోలుండే మనిషి సుమారు రెండున్నర కిలోలు తగ్గించుకోవాలి. 12 లీటర్ల సిలిండర్ 200 బార్ పీడనం దాకా నింపితే 2,400 లీటర్ల గాలి. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి 20 మీటర్ల లోతున ఒత్తిడి మూడింతలు కాబట్టి 60 పడుతుంది. 50 బార్ మిగిల్చి తేలాలి కాబట్టి లెక్కకు అరగంట. ఎదురు ప్రవాహంలో, భయంలో అందులో సగమూ రాదు.

చూపు లేనిచోట తాడే కన్ను. ఒకడు దిగితే ఇంకొకడు పైన తాడు పట్టుకోవాలి, మూడోవాడు సిలిండర్ తగిలించుకుని సిద్ధంగా కూర్చోవాలి. ఎన్నిసార్లు లాగితే ఏమిటన్నది ఒడ్డునే తేల్చుకోవాలి. తాడు బిగువుగా ఉంచి, అటూ ఇటూ అర్ధచంద్రంలా తడుముతూ, ప్రతి దఫా మీటరు చొప్పున వదలాలి. తాడు వదులైతే వెతికిన చోటే మళ్లీ వెతుకుతాడు. నీరు సెకనుకు అర మీటరు దాటి పరుగెడుతుంటే దించకూడదు.

అన్నిటికన్నా ప్రమాదం తెగిన నైలాన్ వలలు. పిక్కకు కట్టుకున్న కత్తే ముందు వలకు తగులుకుంటుంది. కత్తెర ఛాతీ మీద, ఏ చేతికైనా అందేలా ఉండాలి. పైకొచ్చాక, సిలిండర్ గాలిని నోటికందించే రెగ్యులేటర్‌ను మంచినీటితో కడగకపోతే సన్నటి ఒండ్రు వాల్వులో చేరుతుంది. అది పూర్తిగా మూసుకోక తర్వాతి మునకలో గాలంతా బుసబుసా పోతుంది.

ఇవన్నీ నేర్చుకోవడానికి మన పడవవాళ్లకు నెలలు పట్టవు, నీటి స్వభావం వాళ్లకు తెలిసిందే. రేవుల వేలంపాటల మీద వచ్చే డబ్బులోంచి ఒక్కో పెద్ద రేవుకు మూడు సెట్ల సామాను, సిలిండర్లు నింపే కంప్రెసర్ కొనిచ్చి, ఈ వేసవిలో నీరు తగ్గి తేటపడ్డప్పుడే శిక్షణ మొదలుపెట్టాలని రెండు గోదావరి జిల్లాలతో పాటు కోనసీమ అధికారులనూ కోరుతున్నాం.

- డైవింగ్ శిక్షకులు, అమలాపురం