గ్రెయిన్-ఫ్రీ డాగ్ ఫుడ్: మా షాపులో ఏం అమ్ముతాం, ఎందుకు

అందరికీ నమస్కారం. విజయవాడ పటమటలోని మా షాపుకి వచ్చే మీలో చాలామంది ఈమధ్య ఒకటే అడుగుతున్నారు, "గ్రెయిన్-ఫ్రీ ఉందా అండీ?" అని, అంటే ధాన్యాలు లేని కుక్క తిండి. మన దగ్గర లేదంటే వేరే చోట కొనుక్కున్నామని తర్వాత వచ్చి చెప్పినవాళ్లూ ఉన్నారు. ఈలోపు డిస్ట్రిబ్యూటర్ ఒక కొత్త గ్రెయిన్-ఫ్రీ డ్రై ఫుడ్ శాంపిల్ సంచులు ఇచ్చి, ర్యాకులో ముందు వరుసలో పెట్టమన్నారు. మామూలు చికెన్-రైస్ రకం కంటే దీని మీద షాపుకి మిగిలేది ఎక్కువ. ఆ సంగతి మీకు తెలిసి ఉండాలి కాబట్టి ముందే చెబుతున్నాను.

అన్నీ చూశాక తీసుకున్న నిర్ణయం ఇది. ఆ సంచిని ర్యాకులో పెట్టడం లేదు. డాక్టరు రాసిచ్చిన వాళ్లకి, లేదా విషయమంతా తెలిసి అదే కావాలన్న వాళ్లకి తెప్పించి ఇస్తాం. "దురద తగ్గుతుంది", "బియ్యం లేదు కాబట్టి ఆరోగ్యం" అని మాత్రం మా షాపులో ఎవరూ చెప్పరు. కుర్రాళ్లకి కూడా గట్టిగా చెప్పాను.

ఎందుకో వివరంగా రాస్తాను. కాస్త పెద్దదే, కానీ నెలనెలా వేలు ఖర్చుపెట్టే విషయం, ఓపిగ్గా చదవండి.

గ్రెయిన్-ఫ్రీ అంటే బియ్యం, గోధుమ, మొక్కజొన్న, ఓట్స్, బార్లీ లాంటి ధాన్యాలు లేవని. అంతవరకే. పిండిపదార్థం మాత్రం ఉంటుంది. డ్రై ఫుడ్ తయారీలో పిండిని ఆవిరితో ఉడికించి, మెషిన్‌లో ఒత్తిడితో నెట్టి, ముక్కలుగా కోసి ఆరబెడతారు. ఆ ముక్క విరిగి పొడైపోకుండా నిలవాలంటే పిండి ఉండాల్సిందే. ధాన్యం తీసేస్తే ఆ చోటులోకి బఠాణీలు, శనగలు, మసూరు పప్పు, బంగాళాదుంప, కర్రపెండలం వస్తాయి. శాంపిల్ సంచి మీద ప్రొటీన్ 30 శాతం, కొవ్వు 16, పీచు 4, తేమ 10, బూడిద (అంటే ఖనిజాలు) 8 అని ఉంది. ఇవన్నీ కూడితే 68. వందలో మిగిలిన 32 పిండిపదార్థం. ఈ అంకె సంచి మీద ఉండదు, మనమే లెక్క కట్టుకోవాలి. మన దగ్గరున్న మామూలు రకాలకి ఇదే లెక్క వేస్తే నలభై దాటుతుంది. తేడా ఉంది, లేదనను. కానీ పిండి అసలే లేదనుకుని కొనేవాళ్లు ఊహించేంత తేడా కాదు.

ఇంకోటి చూడండి. ఆ సంచిలో మొదటి పేరు తాజా చికెన్. చూడగానే మనసుకి బాగుంటుంది. పదార్థాల పేర్లు వండకముందు బరువును బట్టి వరుసగా రాస్తారు. తాజా కోడిమాంసంలో దాదాపు 70 శాతం నీళ్లే. ఎండబెట్టాక దాని బరువు ఎక్కడికి పడిపోతుందో ఆలోచించండి. ఆ తర్వాత వరుసగా బఠాణీలు, బఠాణీ ప్రొటీన్, శనగలు, బఠాణీ పిండి అని ఉన్నాయి. ఒకే బఠాణీని మూడు పేర్లుగా విడదీస్తే ఒక్కోటీ కిందకి జారుతుంది, చికెన్ పైన నిలబడుతుంది. మూడూ కలిపి ఒకే పేరుగా రాసి ఉంటే మొదటి స్థానం ఎవరిదో చెప్పడం కష్టం. 30 శాతం ప్రొటీన్‌లో కోడి నుంచి వచ్చింది ఎంత, బఠాణీ నుంచి వచ్చింది ఎంత అని డిస్ట్రిబ్యూటర్‌ని అడిగాను. కంపెనీని కనుక్కుని చెబుతామన్నారు. ఇది రాసేనాటికి జవాబు రాలేదు. నాకు ఆ జవాబు కావాలి. ఎందుకంటే పప్పుల ప్రొటీన్‌లో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. కుక్క శరీరం మెథియోనిన్, సిస్టీన్‌ల నుంచే టారిన్‌ని తయారు చేసుకుంటుంది. గుండె కండరానికి అది అవసరం.

గుండె సంగతికి మళ్లీ వస్తాను. ముందు దురద గురించి, ఎందుకంటే మీలో ఎక్కువమంది గ్రెయిన్-ఫ్రీ అడుగుతున్నది దానికోసమే.

మన ఊళ్లో కుక్క గోక్కుంటుందంటే మొదట చూడాల్సింది పిడుదులు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ పట్టీ కింద. ఇక్కడి ఎండకీ, ఉక్కకీ అవి ఏడాది పొడుగునా ఉంటాయి. వానలు మొదలైతే చర్మం తడిగా ఉండిపోయి ఫంగస్ తోడవుతుంది. పిడుదుల వల్ల దురదే కాదు, టిక్ ఫీవర్ వస్తుంది, ప్రాణం మీదకి వస్తుంది. కుక్కకి నెలల తరబడి పిడుదుల మందు వేయకుండా, తిండి మార్చడానికి మూడు వేలు ఖర్చు పెట్టడానికి సిద్ధపడేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ డబ్బులో కొంత పెట్టి ముందు డాక్టరుకి చూపించండి.

తిండి వల్ల ఎలర్జీ ఉండదా అంటే ఉంటుంది. 2016లో ముగ్గురు పశువైద్య పరిశోధకులు అప్పటివరకు వచ్చిన నివేదికలన్నీ ఒకచోట చేర్చి చూశారు. తిండి ఎలర్జీ ఉన్న 297 కుక్కల్లో 34 శాతం కుక్కలకి గొడ్డుమాంసం పడలేదు. పాలు, పాల పదార్థాలు 17 శాతం, చికెన్ 15, గోధుమ 13. బియ్యం 2 శాతమే. అవి ఎక్కువగా అక్కడి దేశాల కుక్కలు, అక్కడ తినే తిళ్లు. అయినా మన ఇళ్లతో పోల్చి చూడండి. రోజూ పొద్దున పాలు, రాత్రి పెరుగన్నం, ఆదివారం చికెన్. ఆ కుక్కకి దురదొచ్చిందని గ్రెయిన్-ఫ్రీ కొంటే అందులోనూ చికెనే. పాలూ పెరుగూ అలాగే నడుస్తుంటాయి. ఎలర్జీ దేనికో అది అలాగే గిన్నెలో ఉంది, తీసేసింది బియ్యాన్ని మాత్రమే.

ఎలర్జీ తేల్చుకోవడానికి సరైన దారి ఎలిమినేషన్ డైట్. కుక్క ఇంతవరకు తినని ఒక మాంసం, ఒక పిండి, లేదా డాక్టరు రాసే హైడ్రోలైజ్డ్ ఫుడ్ (ఎలర్జీ రాకుండా ప్రొటీన్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టిన తిండి), కనీసం 8 వారాలు. ఈ మధ్యలో బిస్కెట్టు ముక్క కూడా పెట్టకూడదు. దురద తగ్గితే పాత తిండి మళ్లీ పెట్టి, తిరిగి వస్తుందో లేదో చూడాలి. నాన్నమ్మలు, తాతయ్యలు ఉన్న ఇళ్లల్లో ఇది ఎంత కష్టమో నాకు తెలుసు, ఎవరో ఒకరు చాటుగా చపాతీ ముక్క వేసేస్తారు. కానీ ఇంతకంటే దగ్గరి దారి లేదు. రక్తపరీక్ష చేసి దేనికి ఎలర్జీయో చెప్పేస్తామనే మాటని నమ్మి డబ్బు పెట్టకండి, తిండి ఎలర్జీల విషయంలో ఆ ఫలితాలు నమ్మదగ్గవి కావు.

"కుక్క తోడేలు జాతి కదా, అన్నం ఎక్కడ అరుగుతుంది" అని కొందరు వీడియోలు చూసి అడుగుతున్నారు. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కుక్క, తోడేలు జన్యువులని పోల్చి ప్రచురించారు. పిండిని అరిగించే ఎంజైమ్‌ని తయారు చేయించే జన్యువు తోడేలులో రెండే ప్రతులు ఉంటే, కుక్కల్లో చాలా ఎక్కువ ఉన్నాయి. మనిషి పక్కన బతకడం మొదలుపెట్టాక, మనిషి తినేది అరిగించుకునేలా కుక్క మారింది. ఉడికిన అన్నం ఆరోగ్యంగా ఉన్న కుక్కకి బాగానే అరుగుతుంది. అలాగని పెరుగన్నం ఒక్కటే పెడితే సరిపోదు. ప్రొటీన్, కాల్షియం చాలవు, కుక్కపిల్లలకైతే ఎముకలు వంకరపోతాయి.

ఇప్పుడు గుండె సంగతి. అమెరికాలో మందులు, ఆహారం మీద పర్యవేక్షణ చేసే ఎఫ్‌డీఏ 2018 జూలైలో ఒక హెచ్చరిక ఇచ్చింది. కుక్కల్లో డైలేటెడ్ కార్డియోమయోపతీ, పొట్టిగా డీసీఎం అనే జబ్బు కేసులకీ, బఠాణీలు, పప్పులు, బంగాళాదుంపలు ప్రధానంగా ఉన్న తిళ్లకీ సంబంధం ఉందేమో పరిశీలిస్తున్నామని చెప్పింది. ఈ జబ్బులో గుండె కండరం బలహీనపడి, గుండె సాగిపోయి, రక్తాన్ని సరిగా పంప్ చేయలేదు. డాబర్‌మ్యాన్, గ్రేట్ డేన్ లాంటి జాతులకి ఇది వంశపారంపర్యంగా వస్తుంది. ఆ గుణం లేని జాతుల్లో కూడా కేసులు రావడమే వాళ్లని కదిలించింది. 2019 జూన్‌లో ఇచ్చిన వివరాల ప్రకారం, రిపోర్టుల్లో పేరొచ్చిన ఆహారాల్లో 90 శాతానికి పైగా గ్రెయిన్-ఫ్రీ, 93 శాతంలో బఠాణీలు గానీ మసూరు లాంటి పప్పులు గానీ ఉన్నాయి. ఎక్కువగా కనిపించిన జాతి గోల్డెన్ రిట్రీవర్. లాబ్రడార్ కూడా ఆ వరుసలోనే ఉంది. మన దగ్గరికొచ్చే వాళ్లలో లాబ్ లేని వీధే లేదు.

ఇది నిరూపణ కాదు, ఆ మాట కూడా చెప్పాలి. రిపోర్టుల సంఖ్యతోనే ఆ తిండి వల్లే జబ్బొచ్చిందని తేల్చలేమని ఎఫ్‌డీఏనే చెప్పింది. 2022 డిసెంబరులో, అర్థవంతమైన కొత్త సమాచారం వచ్చేదాకా దీనిపై ఇక ప్రకటనలు ఇవ్వమంది. కొన్ని కుక్కలకి తిండి మార్చి, వైద్యం చేశాక గుండె మెరుగుపడిందన్న నివేదికలూ ఉన్నాయి. నా వరకు నేను చూసేది ఇది: ధాన్యం తీసేయడం వల్ల ఆరోగ్యంగా ఉన్న కుక్కకి ఒనగూరే లాభం ఏదీ చూపించలేకపోయారు, ఇటు చూస్తే తీరని అనుమానం ఒకటి ఉంది. అలాంటి సరుకుని రెండింతల ధరకి ముందు వరుసలో పెట్టి అమ్మడానికి నాకు మనసొప్పలేదు.

శాంపిల్ సంచులు తెలిసిన కొందరు కస్టమర్లకి ఇచ్చి పెట్టించాను. కుక్కలు ఇష్టంగా తిన్నాయి. మలం గట్టిగా, తక్కువగా వచ్చిందన్నారు. ఒకరు బొచ్చు మెరుస్తోందన్నారు, అందులో చేపనూనె ఉంది కాబట్టి అది సహజమే. ఇవి మంచి గుణాలే. కానీ నాలుగు వారాల వాడకంలో తెలిసేవి రుచి, మలం ఇంతవరకే. గుండెకి ఏమవుతుందో బయట నుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

ఖర్చు మీద ఒక మాట. "ఇది తక్కువ పెడితే చాలు, ధర కలిసొస్తుంది" అని డిస్ట్రిబ్యూటర్ అన్నారు. లెక్క వేశాను. 30 కిలోల పెద్ద లాబ్‌కి రోజుకి దాదాపు 1,400 కేలరీలు కావాలి. 100 గ్రాములకి 360 కేలరీలు ఇచ్చే మామూలు రకం అయితే రోజుకి 390 గ్రాములు, నెలకి పన్నెండు కిలోలకి కాస్త తక్కువ. 400 కేలరీలు ఇచ్చే ఈ రకం అయితే 350 గ్రాములు, నెలకి పదిన్నర కిలోలు. ఆదా అయ్యేది కిలో చిల్లర. ధర రెండింతలు. ఎలా కలిసొస్తుందో నాకు అర్థం కాలేదు. పైగా పాత గ్లాసుతోనే కొలిచి పెట్టేవాళ్ల కుక్కలు లావెక్కుతాయి. లాబ్‌లకి ముందే ఆ బుద్ధి ఉంది.

ఏ సంచి కొన్నా, మన దగ్గరైనా ఇంకెక్కడైనా, "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అన్న మాట, ఏ వయసుకో, పెంపుడు జంతువుల తిండికి ప్రమాణాలు పెట్టే సంస్థలు, అమెరికా వాళ్ల ఆఫ్కో లేదా యూరప్ వాళ్ల ఫెడియాఫ్, వాటి ప్రమాణాల ప్రకారం అన్న మాట వెతకండి. ఆఫ్కో లెక్కలో తేమ తీసేశాక పెద్ద కుక్కకి కనీసం 18 శాతం ప్రొటీన్ ఉండాలి, పెరిగే పిల్లకి 22.5. మన దగ్గరున్న మధ్యరకం సంచులు ఇవి దాటే ఉన్నాయి. పెద్ద జాతి పిల్లలకి కాల్షియం ఎక్కువైనా ప్రమాదమే, కాబట్టి వాటికి లార్జ్ బ్రీడ్ పప్పీ అని రాసిందే తీసుకోండి. సంచిలో ఉన్నదానిపైన కాల్షియం సిరప్ పోయకండి.

ర్యాకులో పెట్టకపోవడానికి మన ఎండ కూడా ఒక కారణం. నెమ్మదిగా అమ్ముడయ్యే సంచి రోహిణి కార్తెలో షాపులో పడి ఉంటే లోపలి కొవ్వు కారుతుంది, మక్కిపోతుంది. కొవ్వు ఎక్కువున్న రకంలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే విడిగా తూచి అమ్మడం కూడా ఈ వేసవి నుంచి మానేస్తున్నాం. కిలో, రెండు కిలోలు అడిగేవాళ్లకి కంపెనీ చిన్న ప్యాకెట్లే ఇస్తాం. ధర కాస్త పెరుగుతుంది, తెలుసు. ఇంట్లో కూడా డబ్బాలో ఒంపేయకుండా, సంచితోపాటు డబ్బాలో పెట్టి మూత బిగించండి. బ్యాచ్ నంబరు, తేదీ మీ దగ్గరుంటాయి. పాత నూనె వాసన వస్తే పెట్టకండి, వెనక్కి తెచ్చేయండి.

ఇప్పటికే గ్రెయిన్-ఫ్రీ పెడుతున్నవాళ్లు టెన్షన్ పడొద్దు, రాత్రికి రాత్రి మానేయొద్దు. మార్చాలనుకుంటే వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా కొత్తది కలుపుతూ పాతది తగ్గించండి. కుక్క త్వరగా అలసిపోతున్నా, ఆయాసపడుతున్నా, దగ్గుతున్నా, ఒక్కసారిగా కూలిపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఏ తిండి పెడుతున్నారో చెప్పండి. సంచి ఫోటో తీసుకెళ్తే ఇంకా మంచిది. గుండెకి ఎకో (స్కానింగ్) తీస్తేనే డీసీఎం తేలుతుంది. ఆ సదుపాయం ఎక్కడుందో మీ డాక్టరునే అడగండి, గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో కూడా కనుక్కోవచ్చు. డాక్టరు పరీక్ష చేసి గోధుమ పడదనో, ఇంకేదో ధాన్యం పడదనో తేల్చిన కుక్కలకి ఏ మార్పూ లేదు, వాళ్లు రాసింది తెప్పించి ఇస్తాం.

మన దగ్గర స్పెషల్ ఆర్డరు మీద గ్రెయిన్-ఫ్రీ తీసుకున్నవాళ్లు సీల్ తీయకపోతే బిల్లు తెచ్చి ఈ నెలాఖరులోగా మార్చుకోవచ్చు. మిగిలే డబ్బు వెనక్కి ఇస్తాం. కొత్త ఆర్డర్లు సోమవారం సాయంత్రంలోగా చెబితే శుక్రవారానికి సరుకు వస్తుంది. పిడుదుల మందుకి కుక్క బరువు కావాలి, షాపు వెనక తూకం పెట్టాం, తీసుకొస్తే ఊరికే తూచి చెబుతాం.